ఒకప్పుడు ఆడి మానేసినవాళ్లకు

ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల్లో బడిలోనో కాలేజీలోనో ఏదో ఒక ఆట ఆడి, తర్వాత మానేసిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

మీరెవరో నాకు తెలుసు. ఆర్టీసీ డిపోలో ఉన్నారు, కలెక్టరేట్‌లో ఉన్నారు, బడిలో లెక్కలు చెబుతున్నారు, ఎరువుల దుకాణం నడుపుతున్నారు. మోకాలి మీద పాత దెబ్బ మచ్చ ఉంటుంది. బీరువాలో చీరల కిందో, భూమి కాగితాల మధ్యో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో జోనల్ మీట్ సర్టిఫికెట్లు, రంగు వెలిసిన గ్రూపు ఫోటో. ఆ ఫోటోలో మీరెక్కడున్నారో మీ పిల్లలు గుర్తుపట్టలేరు. నేనూ మీలో ఒకదాన్నే. 1990ల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదువుతూ బాస్కెట్‌బాల్ ఆడాను. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు బంతి ముట్టుకోలేదు.

ఈ ఉత్తరం పై అధికారులకు రాద్దామనే మొదలుపెట్టాను. రింగు వంగిపోయింది, లైట్లు వెలగవు, కోచ్ లేడు అని ఒక పేజీ రాసి చించేశాను. అవి అడగాల్సినవే. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం మీకే చెప్పాలి.

2025 జూన్ 26 పొద్దున, ఇంకా ఆరు కాలేదు, మా అమ్మాయి నోట్లో బ్రష్షు పెట్టుకుని ఫోన్ పట్టుకుని కేకేసింది. అమెరికాలో అప్పటికి 25 రాత్రి. బ్రూక్లిన్‌లో అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ నడుస్తోంది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం అది. మొట్టమొదటి వంతు డల్లాస్ మావెరిక్స్‌ది. వాళ్లు కూపర్ ఫ్లాగ్ అనే 18 ఏళ్ల అబ్బాయిని తీసుకున్నారు. టీ తాగుతున్న మా ఆయన ఫోన్‌లో ఏదో చదివి, "వాళ్లమ్మ, నాయన ఇద్దరూ ఆడినోళ్లేనంట. రక్తంల ఉండాలె, ఊకె వస్తదా?" అన్నాడు.

ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మీరూ విని ఉంటారు. ఎవరైనా పైకి వస్తే రక్తం, రాకపోతే రాత. ఆ రోజు మాత్రం ఆ మాట నాకు గొంతు దిగలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ అబ్బాయి సంగతి కొంచెం చెప్పాలి.

ఫ్లాగ్ వాళ్ల ఊరు అమెరికాలో మెయిన్ అనే పేరున్న రాష్ట్రంలోని న్యూపోర్ట్. జనాభా మూడు వేల చిల్లర. మన లెక్కలో ఒక మోస్తరు గ్రామ పంచాయతీ. బాస్కెట్‌బాల్ అంటే అమెరికావాళ్లు న్యూయార్క్ పేరో షికాగో పేరో చెబుతారు గానీ, చలికీ అడవులకీ పేరుబడ్డ మెయిన్ పేరు ఎవరూ చెప్పరు. తల్లి కెల్లీ ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం జట్టులో ఆడింది. 1999లో ఆ జట్టు స్టాన్‌ఫర్డ్ అంతటి పెద్ద జట్టును జాతీయ టోర్నీలో ఓడించింది. తండ్రి రాల్ఫ్ కూడా కాలేజీ ఆటగాడే. కూపర్‌కు ఏస్ అని కవల సోదరుడున్నాడు, అతనూ ఆడతాడు. కారులో ఎక్కడికి వెళ్లినా తల్లి పిల్లలకు 1986 నాటి బోస్టన్ సెల్టిక్స్ పాత మ్యాచ్‌లు పెట్టేదట. మనం కారులో పాటలు పెట్టినట్టు. ఎందుకంటే ఆ జట్టులో ఒక్కరి కోసం ఒక్కరు ఆడరు, బంతి చేతులు మారుతూనే ఉంటుంది. 2022లో తొమ్మిదో తరగతి వయసులోనే అన్నదమ్ములు తమ బడి నొకోమిస్‌కు రాష్ట్ర టైటిల్ తెచ్చారు. తర్వాత ఫ్లోరిడాలోని మాంట్‌వర్డ్ అకాడమీ, ఆ తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది, అక్కడి నుంచి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు.

రక్తంలో ఎత్తు వస్తుంది, ఒప్పుకుంటాను. పాస్ ఎప్పుడు ఇవ్వాలో రక్తంలో రాదు. ఓడిపోయి వచ్చి అన్నం తినకుండా పడుకున్న పిల్లాడిని లేపాలా, వదిలేయాలా అన్నది ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఉంటేనే తేలుతుంది. ఏ కోచ్ అరుపు మంచికి, ఏ కోచ్ అరుపు వట్టి కోపానికి, ఊరి జట్టులో హీరో అయిపోయాక ఇంకా అక్కడే ఉంచాలా, దూరం పంపాలా, ఇవన్నీ కెల్లీ ఒకసారి దాటి వచ్చిన మలుపులు. పిల్లాడికి చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ముందే లైటు వేసి ఉన్న దారిలో వాడు నడిచాడు.

మనకు దగ్గరి మనిషిని తీసుకోండి. పీవీ సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. కూతురేమో బ్యాడ్మింటన్ పట్టింది. ఆ రాకెట్టు తిప్పడం ఆయనేం నేర్పుతారు? పొద్దున చీకటితో లేపి అకాడమీకి తీసుకెళ్లడం, తిండి, నిద్ర, దెబ్బ తగిలితే ఎన్నాళ్లు ఆగాలి, ఇవి ఏ ఆటకైనా ఒకటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నాకు మళ్లీ అవసరం పడుతుంది. కబడ్డీ ఆడినవాళ్లు "నాకు బాస్కెట్‌బాల్ ఏం తెలుసక్కా" అంటారని ముందే తెలుసు.

మా నాయన ఊళ్లో వాలీబాల్ లిఫ్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతి లేపి ఇచ్చేవాడు. దసరాకి పక్క ఊళ్లతో పోటీలు పెట్టేవాళ్లు. గెలిస్తే కప్పు, ఓడితే కొట్లాట. ఆయనకు బాస్కెట్‌బాల్ రూల్స్ చివరిదాకా అర్థం కాలేదు. "బంతి పట్టుకుని రెండడుగులేస్తే తప్పంటరు, మరి నువ్వు ఎగిరి ఏస్తివి గద, అది ఒప్పెట్లయితది?" అని లే-అప్ గురించి, అంటే బంతితో ఎగిరి రింగులో వేయడం గురించి, ప్రతిసారీ వాదించేవాడు. కానీ కోర్టు పక్కన సైకిల్ స్టాండ్ వేసి ఆట చూసేవాడు, ఇంటికొచ్చాక ఒకే మాట చెప్పేవాడు: "బంతి ఉన్నకాడ చూడకు బిడ్డా, రాబోయేకాడ చూడు." రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతి అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు, నా రీబౌండ్లన్నీ ఆ మాట పుణ్యమే. రాష్ట్ర జట్టు ఎంపికలకు పిలుపొస్తే ఆయనే వెంట వచ్చాడు, సద్ది కట్టుకుని, రాత్రి బస్టాండులో పడుకుని. నేను ఎంపిక కాలేదు. అది వేరే కథ. ఆయన వచ్చాడు, అది నా కథ.

తర్వాత డిగ్రీ, సంబంధం, పెళ్లి. అప్పట్లో కోపం ఉండేది, ఇప్పుడు లేదు. ఎత్తు ఎక్కువని రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోవాళ్లు ఒప్పుకున్నారు. మా ఆయన నాకంటే రెండంగుళాలు పొట్టి, పెళ్లి ఫోటోలో ఆయన్ని పీట మీద నిలబెట్టారు.

ఇక అసలు విషయం.

మా అమ్మాయి అండర్-14 ఎంపికలకు వెళ్లింది. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది చెప్పను, అది ఇక్కడ అనవసరం. ఎండలో వంద మందికి పైగా పిల్లలు. అందులో బాలానగర్ వైపు తండా నుంచి ఒక పిల్ల వచ్చింది. నాపరాయిలా గట్టి పిల్ల. కాళ్లకు కాన్వాస్ బూట్లు, ఒకదానికి లేసు బదులు సుతిల్ తాడు. డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొడుతూ నడపడం, ఎడమ చేత్తో కూడా చేస్తోంది. ఆ వయసులో మన దగ్గర ఎడమ చెయ్యి వాడే పిల్లలు అరుదు. షాట్ వేస్తుంటే భుజం పైకి లేవడం లేదు, బంతిని నడుం దగ్గర నుంచి విసురుతోంది. చూడగానే నాకు అర్థమైంది. మగపిల్లల 7 సైజు బంతితో నేర్చుకుంది. ఆడపిల్లలు ఆడాల్సింది 6 సైజు. పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే 5 సైజు చాలు. పెద్ద బంతి బరువుకు చెయ్యి లేవక అందరూ ఇలాగే నడుం నుంచి విసరడం అలవాటు చేసుకుంటారు. ఒక నెల ఎవరైనా పక్కన నిలబడితే సర్దుకుపోయే తప్పు. అయినా మా అమ్మాయిని ఆ పిల్ల రెండుసార్లు బాక్స్ అవుట్ చేసి, అంటే ఒళ్లు అడ్డం పెట్టి, బంతి లాక్కుంది. తల్లిని కాబట్టి ఈ మాట రాయడం కష్టంగా ఉంది: ఆ పిల్ల మా అమ్మాయికంటే మంచి ఆటగత్తె.

మధ్యాహ్నం కాగితాలు చూశారు. ఆ పిల్ల ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంది. ఎవరైనా పుట్టిన తేదీ చెప్పలేకపోతే జనవరి ఒకటి అని కొట్టేస్తారు కదా, అదే. బడి రికార్డులో తేదీ వేరే. జనన ధ్రువీకరణ పత్రం లేనే లేదు. ఒక కాగితం ప్రకారం అండర్-14, ఇంకో కాగితం ప్రకారం కాదు. పక్కకు నిలబెట్టారు. తల్లిదండ్రులు పుణేలో తాపీ పనిలో ఉన్నారు, పిల్ల అవ్వ దగ్గర ఉంటోంది. ఆ అవ్వ పల్లెవెలుగు బస్సులో జీరో టికెట్ మీద తోడు వచ్చింది. ఆమె చేతిలో ఆధార్ కార్డు, ప్లాస్టిక్ సంచిలో రెండు రొట్టెలు. ఎవరిని అడగాలో తెలియక ఆమె చెట్టు కింద కూర్చుంది. నాలుగింటికి బస్సు ఉంది, దాని తర్వాత లేదు. వెళ్లిపోయారు.

మా అమ్మాయి కాగితాల సంగతి చూడండి. మూడు నెలల ముందే నేను మున్సిపాలిటీలో జనన పత్రం తీయించాను, ఆధార్‌లో పేరు సరిచేయించాను, బడి నుంచి బోనాఫైడ్ రాయించాను, నాలుగు జిరాక్సులు పెట్టాను. ఎందుకంటే నా కాలంలో నా పక్కన ఆడిన అమ్మాయి ఇలాగే వయసు తేడా వచ్చి ఏడ్చుకుంటూ వెళ్లిపోవడం నేను చూశాను. ఆడినదాన్ని కాబట్టి నాకు తెలుసు. మా అమ్మాయి పేరు జాబితాలో వచ్చింది. నేను సంతోషంగా మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చాను.

రాత్రి పడుకున్నాక గానీ ఆ అవ్వ గుర్తుకు రాలేదు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే ఆర్డీవో ఆఫీసు దాకా తిరగాలని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం వెళ్లి ఆమెకు ఒక్క మాట చెప్పగలిగేదాన్ని. పెద్దాయన ఒకరు, నాతోపాటు చెట్టు నీడలోనే నిలబడ్డాడు, కబడ్డీలో విశ్వవిద్యాలయం స్థాయి దాకా వెళ్లినవాడు, ఆయనకూ తెలుసు. ఇద్దరం మా పిల్లల పేర్లే వింటున్నాం.

రక్తం అంటే కోపం వచ్చింది అందుకే. ఆ రోజు ఇద్దరు పిల్లల మధ్య తేడా రక్తంలో లేదు. ఒక పిల్ల వెనక ఒకప్పుడు ఆడిన మనిషి ఉంది, ఇంకో పిల్ల వెనక లేదు.

ఫ్లాగ్ డ్రాఫ్ట్‌కు సరిగ్గా పదేళ్ల ముందు, 2015 జూన్ 25న, అదే బ్రూక్లిన్ హాలులో, అదే డల్లాస్ జట్టు 52వ పేరుగా సత్నామ్ సింగ్‌ను పిలిచింది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. పంజాబ్‌లో బర్నాలా జిల్లా, బల్లో కే అనే పల్లె. తండ్రి బల్బీర్ సింగ్ ఏడడుగులు దాటిన రైతు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన్ని బాస్కెట్‌బాల్ ఆడమని చాలామంది అడిగారు. పొలం ఎవరు చూస్తారని ఇంట్లో పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన మానుకున్నాడు, అంటే అసలు మొదలే పెట్టలేదు. కొడుకు ఎదుగుతుంటే మాత్రం తీసుకెళ్లి లుధియానా అకాడమీలో చేర్చాడు. పద్నాలుగేళ్లకు ఆ పిల్లాడు స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు, ఇంగ్లీషు రాకుండానే. ఎన్‌బీఏ అసలు మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. డల్లాస్ వాళ్ల దిగువ లీగ్ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు ఆడాడు, తర్వాతి కాలంలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు మారాడు. కొందరు దీన్ని చెప్పి "చూశారా, ఏం లాభం" అంటారు. నాకు సత్నామ్ కంటే బల్బీర్ ఎక్కువ గుర్తుంటాడు. ఫ్లాగ్ ఇంట్లో ఆడి వచ్చినవాళ్లున్నారు. బల్బీర్‌ను ఇంట్లో ఆడనివ్వలేదు. అయినా దారి మొదటి మలుపు అతనే చూపించాడు. మానేసినవాళ్లం, ఆపేయబడినవాళ్లం మనం పనికిరామని అనుకోవద్దు, అందుకే చెప్పాను.

మన పిల్లలందరూ డల్లాస్‌కు పోతారని కాదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ కెరీర్ అంటే ఎక్కువగా ఉద్యోగమే. రైల్వే, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇండియన్ బ్యాంక్ జట్లు, కేరళలో విద్యుత్ బోర్డు. ఆడపిల్లలకైతే రైల్వే జట్టు ఏళ్లుగా దేశంలో మొదటి వరసలో ఉంది. 2022లో ఐఎన్‌బీఎల్ పేరుతో జాతీయ లీగ్ ఒకటి మొదలైంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. కేంద్ర ఉద్యోగాలకు ఏ స్థాయి పోటీకి ఏ ఫారం అన్నది కూడా ఒక లెక్క: అంతర్జాతీయానికి ఫారం-1, జాతీయానికి ఫారం-2, అంతర విశ్వవిద్యాలయాలకు ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం-4. ఆడిన ఏడాదే సంతకాలు పెట్టించుకోకపోతే పదేళ్ల తర్వాత ఆ సంతకం పెట్టే మనిషి ఎక్కడుంటాడు? మీలో కనీసం ఇద్దరు ఈ సంతకం కోసం తిరిగి తిరిగి ఉద్యోగం పోగొట్టుకున్నారని నాకు తెలుసు. ఆ తిరిగిన చెప్పులు అరిగిన కథ చెప్పండి చాలు, కొందరు పిల్లలు బాగుపడతారు.

హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూడా ఉన్నాయి, మనకు దగ్గరిది హకీంపేటే. నాలుగో తరగతి అంటే తొమ్మిదేళ్లు. ఆ వయసు పిల్ల పరుగు చూసి "ఈ పోరిని పంపుదాం" అని అనేది ఎవరు? మేస్త్రి పని మీద పుణేలో ఉన్న తండ్రికి ఆ నోటిఫికేషన్ ఎట్లా తెలుస్తుంది?

నేనడిగేది పెద్ద పని కాదు. డబ్బులు వద్దు, సన్మానం అసలే వద్దు, ఫ్లెక్సీ మీద మీ ఫోటో వద్దు. వారానికి రెండు సాయంత్రాలు కోర్టు దగ్గరికి రండి. మీరు ఆడక్కర్లేదు, మన మోకాళ్లు మన మాట వినవు. నిలబడి చూడండి. మా నాయన సైకిల్ స్టాండ్ వేసుకుని చూసినట్టు. చూస్తే మీకే కనబడుతుంది. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగుతున్న ఆడపిల్ల కనబడుతుంది. మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిలకంటే అమ్మాయిలకే ఎక్కువ. ఎట్లా దిగాలో నేర్పితే ఆ ప్రమాదం తగ్గుతుంది. పదమూడేళ్ల పిల్లాడు మోకాలి చిప్ప కింద నొప్పి అంటే, అది ఎదిగే వయసులో చాలామందికి వచ్చేదేనని, డాక్టరుకు చూపించి కొన్నాళ్లు తగ్గించి ఆడితే సరిపోతుందని వాళ్ల నాన్నకు మీరు చెప్పగలరు. లేకపోతే ఆయన "ఆటతో కాళ్లు పోతున్నయి" అని బూట్లు దాచేస్తాడు. పదో తరగతి రాగానే ఆట బంద్ చేయించే ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడగలరు, ఎందుకంటే మీరు ఉద్యోగం చేస్తున్నారు, మీ మాట వింటారు. నా మాట అయితే "ఆమెకేం పని" అంటారు.

పొద్దున వాకింగ్‌కు వచ్చే పెద్దలకు కూడా ఒక మనవి, ఇది ఉత్తరంలో లేని విషయం అనుకోండి. కోర్టు మధ్యలో యోగా చాపలు పరవకండి. పక్కన బోలెడు జాగా ఉంది.

పోయిన నెల మా అమ్మాయిని తీసుకుని బాలానగర్ వెళ్లాను. రెండు తండాలు తిరిగితే ఆ పిల్ల ఇల్లు దొరికింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. కోర్టు లేదు కాబట్టి ఊరి క్రీడా ప్రాంగణంలో వాలీబాల్ ఆడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు, మా అమ్మాయిని గుర్తుపట్టింది: "ఆ రోజు నా చెయ్యి మీద గీరింది ఈమెనే." అవ్వ టీ పెట్టింది. తండ్రితో ఫోన్‌లో మాట్లాడాను. సంక్రాంతికి వస్తానన్నాడు, జనన నమోదు కాగితాల మీద సంతకాలకు అప్పుడు కుదురుతుంది. ఆర్డీవో ఆఫీసులో పనిచేసిన, ఒకప్పుడు ఖోఖో ఆడిన మనిషి మీలో ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. అండర్-14 దాటిపోయింది, అండర్-17 ఉంది.

ఆదివారం పొద్దున ఆరింటికి నేను కోర్టు దగ్గర ఉంటాను. 6 సైజు బంతులు రెండు ఉన్నాయి. ఒకదానికి గాలి పోతోంది. పంపు ఉన్నవాళ్లు తెండి.

మీ సాటి ఆటగత్తె,
మహబూబ్‌నగర్